కొలంబస్ సెలవు ఎవరి కోసం?

అమెరికాలో బడికెళ్లే పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఏటా ఒక ప్రశ్న వస్తుంది: అక్టోబర్ రెండో సోమవారం సెలవా, కాదా? ఒక ఊరి స్కూల్ క్యాలెండర్‌లో ఆ రోజు ‘కొలంబస్ డే’ అని ఉంటుంది. పక్క ఊళ్లో ‘ఇండిజినస్ పీపుల్స్ డే’, అంటే ఆదివాసీ ప్రజల దినం అని ఉంటుంది. కొన్నిచోట్ల రెండు పేర్లూ కలిపి రాస్తారు. ఇంకొన్ని చోట్ల సెలవే లేదు, పిల్లలు మామూలుగా బస్సెక్కి వెళ్లిపోతారు. పోస్టాఫీసు మాత్రం దేశమంతా మూసే ఉంటుంది. బ్యాంకులు చాలావరకు మూస్తారు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తెరిచి ఉంటుంది, బాండ్ మార్కెట్‌కి సెలవు.

ఇంత గందరగోళానికి మొదటి కారణం, అక్కడ సెలవులిచ్చే అధికారం ఒక్కరి దగ్గర లేకపోవడం. కేంద్ర చట్టంలో 11 సెలవులున్నాయి. అవి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తిస్తాయి, అంతే. రాష్ట్రాలు తమ సెలవులు తాము పెట్టుకుంటాయి, నగరాలూ స్కూల్ బోర్డులూ తమవి తాము. ప్రైవేటు కంపెనీ ఇస్తే ఇస్తుంది, లేకపోతే లేదు. అందువల్ల వైట్‌హౌస్ నుంచి ఏటా వెలువడే ప్రకటనల మీద టీవీల్లో ఎంత రచ్చ జరిగినా వాటి బలం తక్కువే. 2021లో బైడెన్ ఆదివాసీ ప్రజల దినాన్ని గుర్తిస్తూ ప్రకటన ఇచ్చిన తొలి అధ్యక్షుడయ్యారు. కొలంబస్ డే ప్రకటన కూడా దానితోపాటే ఇచ్చారు. 2025లో ట్రంప్ కొలంబస్ ఒక్కడి పేరుతోనే ఇచ్చారు. ఈ ప్రకటనల వల్ల చట్టంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మార్చాలంటే అమెరికా కాంగ్రెస్ మార్చాలి.

ఆ 11 సెలవుల్లో క్రిస్మస్‌ను పక్కన పెడితే వ్యక్తుల పేరిట ఉన్నవి మూడే. జార్జ్ వాషింగ్టన్, మార్టిన్ లూథర్ కింగ్, క్రిస్టఫర్ కొలంబస్. మొదటి ఇద్దరూ ఆ నేల మీద పుట్టి, ఆ దేశం కోసం పనిచేసినవాళ్లు. కొలంబస్ నేటి అమెరికా ప్రధాన భూభాగం మీద అడుగైనా పెట్టలేదు. నాలుగు ప్రయాణాల్లో ఆయన తిరిగింది కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర తీరం, మధ్య అమెరికా తీరం.

నా అభిప్రాయం దాచుకోకుండా ముందే చెబుతాను. కొలంబస్ పేరిట ప్రభుత్వ సెలవు ఉండకూడదు. అయితే ఆ సెలవు ఎందుకు పుట్టిందో తెలుసుకోకుండా దాన్ని తీసేయమనడం కూడా న్యాయం కాదు. ఈ గొడవలో సగం మంది కొలంబస్ గురించి మాట్లాడుతుంటే, మిగతా సగం మంది తమ తాతముత్తాతల గురించి మాట్లాడుతున్నారు. చిక్కుముడి అక్కడే పడింది.

ఆ దీవుల్లో జరిగింది

మన బడుల్లో రెండు సంవత్సరాలు పక్కపక్కనే కంఠతా పట్టించేవాళ్లు. 1492లో కొలంబస్, 1498లో వాస్కో డ గామా. దాంతోపాటు, భూమి బల్లపరుపుగా ఉందని అందరూ నమ్ముతున్న రోజుల్లో కొలంబస్ ఒక్కడే గుండ్రంగా ఉందన్నాడని ఒక కథ కూడా చెప్పేవాళ్లు. అది 19వ శతాబ్దంలో ప్రచారమైన కట్టుకథ. భూమి గుండ్రంగా ఉందని చదువుకున్నవాళ్లకు అప్పటికి ఎన్నో వందల ఏళ్లుగా తెలుసు. స్పెయిన్ పండితులు అభ్యంతరం చెప్పింది దూరం గురించి. కానరీ దీవుల నుంచి జపాన్‌కి సుమారు 2,400 నాటికల్ మైళ్లని కొలంబస్ లెక్క. నిజానికి పదివేలకు పైనే. ఆ విషయంలో పండితులే సరైనవాళ్లు. మధ్యలో ఎవరూ ఊహించని ఖండం అడ్డురాకపోతే ఆ మూడు ఓడల్లోని వాళ్లెవరూ బతికేవాళ్లు కాదు.

ఇంతా చేసి, అట్లాంటిక్ దాటిన తొలి యూరోపియన్ ఆయన కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో నార్స్ జనం (ఉత్తర యూరప్‌కు చెందిన వైకింగ్‌లు) కట్టుకున్న ఇళ్ల పునాదులు 1960లో బయటపడ్డాయి. వాళ్లు నరికిన కలపను పరీక్షించిన శాస్త్రవేత్తలు అది 1021 నాటిదని తేల్చారు. అయినా కొలంబస్ ప్రయాణం సామాన్యమైనది కాదు. రెండు ప్రపంచాలు ఆ తర్వాత విడిపోకుండా ముడిపడింది దానివల్లే. మనం రోజూ వాడే మిరపకాయ, టమాటా, బంగాళదుంప, మొక్కజొన్న మన నేలకు చేరింది ఆ దారి తెరుచుకున్నాకే. మిరపకాయ లేని ఆవకాయ మనం ఊహించుకోలేం. ప్రయాణం ప్రాముఖ్యం మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా దిగాక ఆయన చేసిన పనుల మీద.

1492 అక్టోబర్ 12న ఆయన దిగింది నేటి బహామాస్‌లోని ఒక దీవి. అక్కడివాళ్లు దాన్ని గువానహాని అనేవాళ్లు. టైనో జాతికి చెందిన ఆ జనం ఈదుకుంటూ పడవల దగ్గరికి వచ్చారు. చిలకలు, నూలు ఉండలు, ఈటెలు తెచ్చిచ్చి ఎర్ర టోపీలు, గాజు పూసలు తీసుకున్నారు. కత్తి చూపిస్తే తెలియక పదునువైపు పట్టుకుని చేతులు కోసుకున్నారు. ఇదంతా కొలంబస్ దినచర్యలోనే ఉంది. వీళ్లు మంచి పనివాళ్లు అవుతారని ఆ రోజే రాసుకున్నాడు. యాభై మంది ఉంటే వీళ్లందర్నీ లొంగదీసి ఏం కావాలంటే అది చేయించవచ్చని రెండు రోజుల తర్వాత రాశాడు. ఆయన చేతిరాత ప్రతి పోయింది. మనకు మిగిలింది బార్తొలొమే ద లాస్ కాసాస్ అనే మతగురువు రాసిపెట్టిన సంక్షిప్త ప్రతి.

రెండో ప్రయాణం 1493లో. ఈసారి 17 ఓడలు, వెయ్యి మందికి పైగా జనం. స్పెయిన్ రాజదంపతులకు బంగారం వస్తుందని మాటిచ్చేశాడు కాబట్టి ఎలాగైనా పంపాలి. ఇప్పుడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ దేశాలున్న హిస్పానియోలా దీవిలో ఒక కప్పం పద్ధతి పెట్టాడు. బంగారం దొరికే ప్రాంతాల్లో పద్నాలుగేళ్లు దాటిన ప్రతి మనిషీ మూడు నెలలకోసారి ఒక మువ్వ నిండా బంగారు రజను తెచ్చివ్వాలి. వేటడేగల కాళ్లకు కట్టే చిన్న ఇత్తడి మువ్వ అది. ఇచ్చినవాళ్లకు మెడలో వేసుకోవడానికి ఒక లోహపు బిళ్ల ఇచ్చేవాళ్లు. బిళ్ల లేకుండా కనబడితే శిక్ష. బంగారం లేని చోట మనిషికి 25 పౌన్ల నూలు. ఆ దీవిలో బంగారం దొరికేది ఏటి ఇసుకలో, కొద్దికొద్దిగా. మూడు నెలలకో మువ్వ నింపాలంటే పొలం పని వదిలేసి ఏట్లోనే కూర్చోవాలి. పొలాలు పడావు పడ్డాయి, కరువు వచ్చింది. జనం కొండల్లోకి పారిపోయారు.

బంగారం చాలకపోవడంతో మనుషుల్ని ఎగుమతి చేశాడు. 1495లో సుమారు 1,500 మంది టైనోలను పట్టించి, వాళ్లలో 550 మందిని స్పెయిన్‌లో అమ్మడానికి ఓడలెక్కించాడు. దాదాపు 200 మంది దారిలోనే చనిపోయారు. శవాలను సముద్రంలో పడేశామని అదే ఓడలో ప్రయాణించిన కొలంబస్ మిత్రుడు తన ఉత్తరంలో రాశాడు.

ఆ దీవిలో మొదట ఎంతమంది ఉండేవాళ్లన్న దాని మీద చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొందరు పదివేలల్లో అంటారు, కొందరు పది లక్షల పైమాటే అంటారు. 1514లో స్పెయిన్ అధికారులు లెక్క తీసినప్పుడు మాత్రం మిగిలింది 30 వేల లోపే. చావులన్నీ జబ్బుల వల్లే అని కొలంబస్ తరఫువాళ్లు చెబుతారు. జబ్బుల పాత్ర పెద్దదే. కానీ ఆ దీవిలో మశూచి గురించిన తొలి స్పష్టమైన రికార్డు 1518 చివర్లోది, జనాభా లెక్క దానికి నాలుగేళ్ల ముందుది. ఆకలి, గనుల్లో చాకిరీ, యుద్ధాలు అప్పటికే తమ పని చేశాయి. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. కొలంబస్ 1500 తర్వాత ఆ దీవిని పాలించలేదు. తర్వాత గవర్నర్‌గా వచ్చిన నికొలాస్ ద ఒవాందో అంతకన్నా క్రూరుడు. మొత్తం నాశనాన్ని ఒక్క మనిషి లెక్కలో రాసేయడం సరికాదు. కప్పం, బానిసల ఓడలు మాత్రం నిస్సందేహంగా కొలంబస్‌వే.

‘ఆ కాలం అలాంటిది’ అనే వాదన

ఈ చర్చలో ఎక్కువగా వినిపించే మాట ఇది. అయిదు వందల ఏళ్ల కిందటి మనిషిని ఈనాటి కొలబద్దతో కొలవకూడదు అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ కాలం వాళ్లు ఏమన్నారో చూస్తే ఆ వాదన నిలబడదు.

1500లో స్పెయిన్ రాజదంపతులు పంపిన న్యాయాధికారి ఫ్రాన్సిస్కో ద బొబడిల్లా కొలంబస్‌ను అరెస్టు చేసి, సంకెళ్లతో ఓడెక్కించాడు. ఆ విచారణ పత్రం స్పెయిన్‌లోని సిమాంకాస్ ఆర్కైవ్‌లో ఈ శతాబ్దం మొదట్లో దొరికింది. రాజదంపతులు కొలంబస్‌ను విడిపించారు, మరో ప్రయాణానికి ఓడలు కూడా ఇచ్చారు. గవర్నర్ పదవి మాత్రం మళ్లీ ఇవ్వలేదు. అదే ఏడాది ఇసబెల్లా రాణి, ఆయన పంపగా స్పెయిన్‌లో అమ్ముడుపోయిన దీవివాసులను విడిపించి వెనక్కి పంపమని ఉత్తర్వు ఇచ్చింది. 1511 డిసెంబర్‌లో శాంతో దొమింగోలో ఆంతోనియో ద మొంతెసినోస్ అనే మతగురువు, చర్చి నిండా స్పెయిన్ భూస్వాములు కూర్చుని ఉండగా, వీళ్లు మనుషులు కారా అని నిలదీశాడు. లాస్ కాసాస్ కూడా మొదట్లో వెట్టి మనుషుల్ని పెట్టుకున్నవాడే. 1514లో వాళ్లను వదిలేసి, మిగతా జీవితమంతా ఆ అన్యాయం గురించి రాస్తూ గడిపాడు.

వీళ్లెవరూ మచ్చలేని మనుషులు కారు. బొబడిల్లాకు పదవి మీద ఆశ ఉంది, ఆయన నమోదు చేసిన ఫిర్యాదుల్లో చాలావరకు కొలంబస్ స్పెయిన్‌వాళ్లనే ఎలా శిక్షించాడన్న దాని గురించి. రాణి స్వయంగా ఆక్రమణకు అనుమతిచ్చింది. లాస్ కాసాస్ ఒక దశలో టైనోల బదులు ఆఫ్రికన్ బానిసలను తెమ్మని సలహా ఇచ్చి, తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. అయినా ఇది తప్పు అని చెప్పడానికి కావాల్సిన మాటలు, చట్టాలు, మనుషులు ఆ కాలంలోనే ఉన్నారు. బాధపడినవాళ్లూ ఆ కాలపు మనుషులే కదా. ‘ఆ కాలం’ అన్నప్పుడు మువ్వ పట్టుకుని ఏట్లో కూర్చున్నవాళ్ల అభిప్రాయం లెక్కలోకి రాకపోవడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

న్యూ ఆర్లీన్స్ జైలు

ఇప్పుడు రెండో కథ. సెలవు ఎలా వచ్చిందో ఇందులో ఉంది.

1880 నుంచి 1920 మధ్య 40 లక్షల మంది ఇటలీ వాళ్లు అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ, సిసిలీ ప్రాంతాల పేద రైతులు. ఇంగ్లీషు రాదు, కాథలిక్కులు, రంగు కాస్త తక్కువ. పత్రికలు వాళ్లను నేరస్తుల జాతిగా రాసేవి. 1890లో న్యూ ఆర్లీన్స్ పోలీసు అధిపతి డేవిడ్ హెన్నెసీని ఎవరో కాల్చి చంపారు. ఊళ్లో ఉన్న ఇటలీ వాళ్లను గుంపులుగా అరెస్టు చేశారు. తొమ్మిది మంది మీద విచారణ జరిగింది. ఒక్కరి మీద కూడా నేరం రుజువు కాలేదు. మరుసటి రోజు, 1891 మార్చి 14న, వేలమంది గుంపు జైలు తలుపు బద్దలుకొట్టి 11 మందిని చంపింది. వాళ్లలో విచారణకే రానివాళ్లు కూడా ఉన్నారు. గుంపును రెచ్చగొట్టింది ఊళ్లోని పెద్దమనుషులే. అందులో ఉన్న ఒకాయన తర్వాత లూసియానా గవర్నర్ అయ్యాడు. శిక్ష ఎవరికీ పడలేదు.

ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిచింది. యుద్ధం వస్తుందన్న టెన్షన్ కూడా నడిచింది. చివరికి అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ప్రభుత్వం పరిహారం చెల్లించి రాజీ చేసుకుంది. సరిగ్గా ఆ సంవత్సరమే, 1892లో, కొలంబస్ ప్రయాణానికి 400 ఏళ్లు నిండాయని హారిసన్ దేశమంతా జరుపుకోమని ప్రకటన ఇచ్చారు. అమెరికా బడుల్లో పిల్లలు నేటికీ చెప్పే జెండా ప్రతిజ్ఞ మొదట రాసింది ఆ ఉత్సవం కోసమే. న్యూయార్క్‌లోని కొలంబస్ సర్కిల్ విగ్రహం ఆ ఏడాదే లేచింది. ఒక ఇటాలియన్ పత్రిక ఇచ్చిన పిలుపుతో ఇటలీ వలసవాళ్లు చందాలు వేసుకుని కట్టించిన విగ్రహం అది.

ఆ చందా ఇచ్చినవాళ్ల వైపు నుంచి చూడండి. ‘మీరు ఈ దేశానికి చెందరు’ అని రోజూ వినేవాళ్లు వాళ్లు. ఈ దేశం తన తొలి వీరుడిగా చెప్పుకునే మనిషి మా ఇటలీలోని జెనోవా వాడు అని చూపించగలిగితే ఆ మాటకు జవాబు దొరికినట్టే. కొలంబస్ టైనోలకు ఏం చేశాడో వాళ్లలో చాలామందికి తెలియదు. వాళ్లకు కావాల్సింది ఊరి నడిబొడ్డున తల ఎత్తుకుని నిలబడే చోటు. 1920ల్లో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార సంస్థ కొలంబస్ డేను వ్యతిరేకించింది. ఆదివాసుల మీద ప్రేమతో అనుకునేరు, అది కాథలిక్కుల పండగ అన్న ద్వేషంతో. 1924లో వచ్చిన వలస చట్టం ఇటలీ నుంచి వచ్చేవాళ్ల సంఖ్యను బాగా కోసేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో పౌరసత్వం లేని ఆరు లక్షల మంది ఇటలీ వాళ్లను శత్రుదేశీయులుగా ముద్ర వేశారు. ఆ ముద్ర తీసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించిన రోజు 1942 అక్టోబర్ 12. ఆ తేదీని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు.

కొలరాడో 1907లో రాష్ట్ర సెలవు చేసింది. 1934లో కాంగ్రెస్ తీర్మానంతో అధ్యక్షుడు రూజ్వెల్ట్ దేశవ్యాప్త ప్రకటన ఇచ్చారు. 1968 చట్టంతో అది పూర్తి స్థాయి కేంద్ర సెలవై, 1971 నుంచి అక్టోబర్ రెండో సోమవారానికి మారింది.

అందుకే ఫిలడెల్ఫియా దక్షిణ భాగంలో మార్కొనీ ప్లాజా దగ్గర జరిగిన గొడవను నేను తేలిగ్గా తీసుకోలేను. 2020లో నల్లజాతి అమెరికన్ జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో హత్యకు గురైన తర్వాత రిచ్‌మండ్, బాల్టిమోర్ నగరాల్లో కొలంబస్ విగ్రహాలను నీళ్లలో పడేశారు. బోస్టన్‌లో తల నరికారు. ఫిలడెల్ఫియా నగరపాలక సంస్థ తమ విగ్రహం చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టించింది. విగ్రహాన్ని తీసేయకూడదని స్థానిక ఇటాలియన్లు కోర్టుకెళ్లారు. కేసు నడుస్తుండగా ఆ పెట్టెకు ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, అంటే ఇటలీ జెండా రంగులు వేశారు. 2022 డిసెంబర్‌లో కోర్టు ఆదేశంతో పెట్టె విప్పారు. అక్కడ కాపలా నిలబడ్డవాళ్లందరూ బానిసత్వాన్ని సమర్థించేవాళ్లని అనుకుంటే ఈ విషయం అర్థం కానట్టే.

కొలరాడో దారి

అలాగని వాళ్ల గాయానికి మందుగా కొలంబస్‌ను ఉంచాలా? అక్కర్లేదు. దారి చూపించింది కూడా మొదట సెలవిచ్చిన ఆ కొలరాడోనే.

కొలరాడో రాజధాని డెన్వర్‌లో ఆదివాసీ ఉద్యమకారుల నిరసనలు చాలా పాతవి. 500 ఏళ్ల సందర్భంగా 1992లో తలపెట్టిన కొలంబస్ పరేడ్ వాటి వల్ల ఆగిపోయింది. సెలవు రద్దు చేయాలని శాసనసభలో బిల్లులు వచ్చాయి, వీగిపోయాయి. 2020లో వేరే రకం బిల్లు వచ్చింది. కొలంబస్ డే తీసేసి, అక్టోబర్ మొదటి సోమవారాన్ని ఫ్రాన్సెస్ జేవియర్ కబ్రీనీ దినంగా చేశారు.

కబ్రీనీ 1850లో ఇటలీలోని లొంబార్దీలో పుట్టిన సన్యాసిని. 1889లో న్యూయార్క్ వచ్చింది. వలసవచ్చిన ఇటలీ వాళ్ల కోసం బడులు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు కలిపి 67 సంస్థలు పెట్టింది. 11 మందిని చంపిన మరుసటి సంవత్సరం న్యూ ఆర్లీన్స్ వెళ్లి అక్కడి ఇటలీ వాళ్ల మధ్య పని మొదలుపెట్టింది. కొలరాడోలో గని కార్మికుల కుటుంబాల మధ్య పనిచేసింది, డెన్వర్‌లో అనాథాశ్రమం నడిపింది. 1909లో అమెరికా పౌరసత్వం తీసుకుంది. కాథలిక్ చర్చి సెయింట్‌గా గుర్తించిన తొలి అమెరికా పౌరురాలు ఆమే.

వలస వచ్చిన ఇటాలియన్ల కథ చెప్పడానికి ఆమెకన్నా తగినవాళ్లు ఎవరుంటారు? ఆమె నిజంగా ఆ దేశంలో బతికింది, ఆ జనం కష్టాల్లో పాలుపంచుకుంది. కొన్ని ఇటాలియన్ సంఘాలు ఈ మార్పును కూడా వ్యతిరేకించాయి. తమ మీద బలవంతంగా రుద్దారని వాళ్ల ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది, ముందుగా వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సింది. అయినా, పరిష్కారం సరైనదనే నా నమ్మకం. న్యూయార్క్ నగర బడులు 2021 నుంచి ఆ రోజును ‘ఇటాలియన్ వారసత్వ దినం, ఆదివాసీ ప్రజల దినం’ అని పిలుస్తున్నాయి. అది ఇద్దర్నీ ఒకే కుర్చీలో సర్దే పద్ధతి. నాకు అంత నచ్చదు, కానీ కొలంబస్ పేరు లేకుండానే ఇటాలియన్లకు గౌరవం ఇవ్వవచ్చని అదీ చూపిస్తోంది.

ఇంకో వాదన, సెలవు తీసేస్తే చరిత్రను చెరిపేసినట్టేనన్నది. దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. చరిత్ర ఉండేది పాఠాల్లో, పుస్తకాల్లో, మ్యూజియాల్లో. సెలవు రోజున ఎవరూ చరిత్ర చదవరు, ఫర్నిచర్ సేల్‌కి వెళ్తారు. కొలంబస్ గురించి బడిలో ఇప్పటికన్నా ఎక్కువే చెప్పాలంటాను, మువ్వతో సహా.

గౌరవాల్లో కూడా తేడాలున్నాయి. ఊరి పేరు కాలం గడిచేకొద్దీ మనిషిని వదిలేసి ఊరికే అంటుకుపోతుంది. తెలుగువాళ్లు బాగానే ఉన్న ఒహాయో రాజధాని కొలంబస్ నగరం 2020లో సిటీ హాల్ ముందున్న విగ్రహాన్ని తీసేసింది, పేరు ఉంచుకుంది. విజయవాడ, గుంటూరు మీదుగా గోవా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ చివరి స్టేషన్ వాస్కో డ గామా. ఆ పేరు చూసి ఎవరూ దండం పెట్టరు. కానీ 1502లో మక్కా యాత్ర నుంచి తిరిగొస్తున్న ఓడను, అందులోని వందల మంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులతో సహా తగలబెట్టించింది ఆ గామానే. పోర్చుగీసు వాళ్లే దాన్ని రాసిపెట్టారు. 1998లో ఆయన రాకకు 500 ఏళ్లని ఉత్సవాలు చేయాలన్న మాట వచ్చినప్పుడు కేరళలో, గోవాలో జనం అభ్యంతరం చెప్పారు. నా దృష్టిలో ఊరి పేరుతో సర్దుకుపోవచ్చు, విగ్రహం గురించి ఊరివాళ్లు తేల్చుకోవచ్చు. సెలవు సంగతి వేరు. ఏడాదికోసారి ప్రజల డబ్బుతో, పని ఆపించి, బాధితుల వారసులతో సహా అందర్నీ ఒక మనిషిని గౌరవించమని ప్రభుత్వం అడుగుతుంది. దానికి అర్హత గట్టిగా ఉండాలి.

కొలంబస్ మొదట దిగిన బహామాస్ కూడా ఆ రోజును వదులుకుంది. అక్కడ ‘డిస్కవరీ డే’ స్థానంలో ఇప్పుడు జాతీయ వీరుల దినం జరుపుతారు. ట్రినిడాడ్‌ దేశం 1985లోనే తన డిస్కవరీ డేను బానిస విముక్తి దినంగా మార్చుకుంది. వెనిజులాలో అక్టోబర్ 12 ఆదివాసీ ప్రతిఘటన దినం. స్పెయిన్‌లో మాత్రం అదే జాతీయ దినం.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ విషయాన్ని దూరపు గొడవగా చూడకూడదని నా విన్నపం. 2023లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసి నగర బడులకు దీపావళి సెలవు ఇచ్చింది. కాలిఫోర్నియా 2025లో దీపావళిని రాష్ట్ర సెలవుల్లో చేర్చింది. వాటి వెనుక భారతీయ కుటుంబాలు ఏళ్ల తరబడి చేసిన విజ్ఞప్తులున్నాయి. క్యాలెండర్‌లో మన పండగ కనిపించాలన్న ఆ కోరికా, కొలంబస్ సర్కిల్‌కి చందా వేసిన ఇటలీ కూలీ కోరికా వేరు కాదు. ఆ కూలీ తన గౌరవం కోసం ఎంచుకున్న మనిషి పేరు వల్ల ఇంకొకరి గౌరవం పోయింది. మన దీపావళి వల్ల ఇంకొకరి గౌరవం పోలేదు కాబట్టి మన పని సులువైంది, అంతే తేడా.

పేరు మారిన చోట

ఆదివాసీ ప్రజల దినం వల్ల ఏం ఒరిగింది అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కొలంబస్ డేకు బదులు ఆ రోజును ఆదివాసులకు ఇవ్వాలన్న సూచన 1977లో ఆదివాసుల పట్ల వివక్ష మీద జెనీవాలో జరిగిన సదస్సులో వచ్చింది. నగరాల్లో మొదట బర్క్‌లీ 1992లో మార్చింది. రాష్ట్రాల్లో అందరికన్నా ముందు మార్చింది సౌత్ డకోటా, 1990లో. లకోటా అనే ఆదివాసీ జాతికి చెందిన పత్రికా సంపాదకుడు టిమ్ జియాగో అడిగారు, గవర్నర్ జార్జ్ మికెల్సన్ ఒప్పుకున్నారు. అక్కడ దాన్ని నేటివ్ అమెరికన్ డే అంటారు. 1890 డిసెంబర్‌లో అదే రాష్ట్రంలోని వూండెడ్ నీ దగ్గర సైన్యం వందలాది లకోటాలను చంపి అప్పటికి వందేళ్లు.

ఆ రాష్ట్రంలోనే బ్లాక్ హిల్స్ ఉన్నాయి, లకోటాలకు పవిత్రమైన కొండలు. 1868 ఒప్పందంలో అవి వాళ్లవేనని అమెరికా ప్రభుత్వం సంతకం చేసింది. 1874లో అక్కడ బంగారం ఉందని తెలిసింది, 1877లో ప్రభుత్వం ఆ కొండలను లాగేసుకుంది. లాగేసుకోవడం అన్యాయమని 1980లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం సమర్థించింది. లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు. తీసుకుంటే కొండలు అమ్మినట్టవుతుంది, మాకు కావాల్సింది భూమి అన్నారు. దేశంలోకెల్లా పేద ప్రాంతాల్లో వాళ్ల రిజర్వేషన్లు, అంటే వాళ్లకు కేటాయించిన నివాస ప్రాంతాలు, ఉన్నా ఆ మాట మీదే ఉన్నారు. ఖజానాలో ఆ మొత్తం పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ కొండల్లో ప్రభుత్వం చేతిలో ఉన్న భూమిని తిరిగి ఇచ్చేయాలని 1985లో సెనేటర్ బిల్ బ్రాడ్లీ ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. సెలవు పేరు మార్చమన్న ఆదివాసీ నాయకుల్లో చాలామంది, దానితోపాటు ఇలాంటి ఒప్పందాలను కూడా అమలు చేయమని మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. పేరు మార్చిన రాష్ట్రాలు, నగరాలు ఆ రెండో సగానికి ఇంకా జవాబివ్వాలి.